ముదురు రంగు పట్టు మీద డిజైన్ దించడం ఎట్ల? కార్బన్ గీత నిలవట్లేదు

హాలియా_కోడలు
ఆడబిడ్డ పెళ్లికి బాటిల్ గ్రీన్ రా సిల్క్ బ్లౌజు ముక్క తీసుకున్నాను. వెనక మెడకు ఎదురెదురుగా రెండు నెమళ్లు, చేతులకు ఒక్కోటి. మగ్గం మీద కాదు, రింగు పెట్టుకుని మామూలు సూదితో నేనే కుడతాను. కుట్టడానికి ఇబ్బంది లేదు, డిజైన్ దించే దగ్గరే తలనొప్పి. పసుపు కార్బన్ పెట్టి గీస్తే గీత బాగానే పడుతోంది. కానీ తోక సగం కుట్టేసరికి మిగతా సగం చెయ్యి రాసుకుని మాయం. గట్టిగా ఒత్తితే బటర్ పేపర్ చిరుగుతోంది. మళ్లీ పెట్టి గీద్దామంటే పాత గీత మీద కొత్త గీత కూర్చోదు, నెమలికి రెండు ముక్కులు వస్తున్నాయి.

అందరూ కిరోసిన్, జింక్ పౌడర్ అంటున్నారు. మా దగ్గర కిరోసిన్ చుక్క దొరకట్లేదు. మిషన్ సామాన్ల షాపతనేమో ఇస్త్రీ పెడితే పోయే పెన్ను తీసుకోమంటున్నాడు. నమ్మొచ్చా? ఇంకో ముక్క కూడా ఉంది. పాపకు తెల్ల కాటన్ లంగా, అంచు పొడుగునా చిన్న చిన్న మామిడి పిందెలు. దానికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా, వేరేది చూడాలా?

సూదీ_దారం
రెండు ముక్కులు వస్తే గండభేరుండం అని చెప్పెయ్. పట్టుచీర అంచుల మీద ఉండేదే కదా, ఎవరూ అడగరు.

మగ్గం_మంజుల
కార్బన్‌ను తిట్టకు చెల్లీ, అది చిన్న పువ్వుకు, ఒక్క పూటలో అయిపోయే పనికి. నెమలి తోక లాంటి పెద్ద పనికి రంధ్రాల కాగితమే. నల్గొండలో నా దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చే పిల్లలందరికీ మొదట చెప్పేది అదే.

బటర్ పేపర్ కాదు, కొంచెం మందంగా ఉండే ట్రేసింగ్ పేపర్ తీసుకో. డిజైన్ గీసుకున్నాక కింద దుప్పటి నాలుగు మడతలు వేసి, సన్న సూదితో గీత వెంట పొడుచుకుంటూ పో. సూదికి వెనక పాత దారపు రీలు గుచ్చితే వేలు నొప్పి పుట్టదు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఒక మిల్లీమీటరు, మరీ అయితే రెండు. దగ్గరగా పొడిస్తే కాగితం తెగి ఊడొస్తుంది, దూరమైతే వంపులు తెలియవు. కన్ను, ముక్కు, కిరీటం దగ్గర దగ్గరగా, తోక పొడుగు గీతల్లో దూరంగా. అంతా అయ్యాక కాగితం తిప్పితే వెనక గరుకుగా తగులుతుంది. అక్కడ బాగా సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దు. మూసుకున్న రంధ్రాలు తెరుచుకుంటాయి. చాలామంది ఈ పని చెయ్యరు, చెయ్యకుండా పొడి దిగట్లేదంటారు.

ఇక పొడి. తెల్ల జింక్ పౌడర్‌ను కిరోసిన్‌లో పలచటి మజ్జిగలా కలుపుతాం. అందులో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, కాగితం మీద ఒకే వైపుకు రుద్దుతాం. గుడ్డ దాదాపు పొడిగా ఉండాలి. కారితే మాత్రం గీత కింద మరక వచ్చేస్తుంది. కాగితం జరగకుండా నాలుగు మూలలా గుండుసూదులు, ఎత్తేటప్పుడు నిటారుగా ఎత్తాలి, జారిస్తే అంతా అలుక్కుపోతుంది. నీడలో ఆరేస్తే వాసన కూడా పోతుంది. ఆ గీత పని అయ్యేదాకా ఉంటుంది, అయ్యాక మెత్తని బ్రష్‌తో దులిపితే పోతుంది.

కిరోసిన్ దొరకని సంగతి నిజమే. నేను తెలిసినవాళ్ల దగ్గర తెప్పించుకుంటున్నాను.

పాలమూరు_పద్మ
మంజులక్క చెప్పింది కాటన్‌కూ, నెట్‌కూ సరే. రా సిల్క్‌కు నేను ఒప్పుకోను. రా సిల్క్ నూలులో ముడులు ముడులుగా ఉంటాయి, తెల్ల పొడి ఆ ముడుల్లో ఇరుక్కుంటే బ్రష్‌కు రాదు. మా దగ్గర ఒకామె మెరూన్ బ్లౌజుకు అట్లా పని చేయించుకుంది. కుట్టు లేని చోట చుక్కలు చుక్కలుగా మిగిలి, ఫోటోలో మెడ మీద పౌడర్ కొట్టుకున్నట్టు పడింది.

మగ్గం_మంజుల
పద్మా, పొడి ఎక్కువైతేనే అట్లా ఉంటుంది. అందుకే పిండమన్నది. అయినా కుట్టు లేని చోట గీత ఎందుకు ఉంటుంది? గీతంతా కుట్టు కింద దాగాలి. ఒకవేళ డిజైన్ మధ్యలో మార్చి కొన్ని ఆకులు వదిలేస్తే ఆ తప్పు పొడిది కాదు.

పాలమూరు_పద్మ
అందరూ గీత మీదే కుడతారా అక్కా? సన్నగా కాడకుట్టు (స్టెమ్ స్టిచ్) వేస్తే గీత పక్కన కనపడుతుంది. మీరు జర్దోసి, పూసలు వేస్తారు కాబట్టి లావు గీతైనా దాగిపోతుంది. ఆ అమ్మాయిది మామూలు సూదిపని.

హాలియా_కోడలు
అవును, మెడ దగ్గర అంతా కాడకుట్టే. తోక కళ్లకు మాత్రం నిండు కుట్టు.

బుల్లెట్_బాబు
కిరోసిన్ లేకపోతే పెట్రోల్ పోసుకోండి. మా ఇంట్లో నా బండి ట్యాంకులోంచే తీస్తున్నారు. ఆఫీసుకు బయల్దేరితే రిజర్వులో ఉంటుంది.

కెమిస్ట్రీ_సార్
దయచేసి పెట్రోల్ వద్దు. ఇది నవ్వే విషయం కాదు. పెట్రోల్ ఆవిరి సున్నాకు 40 డిగ్రీలు కిందనున్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది. అంటే మన ఊళ్లల్లో ఎప్పుడైనా అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతూ పక్క గదిలో పొయ్యి దాకా పోతుంది. కిటికీలు మూసుకుని, కింద చాప వేసుకుని, వంటింటి పక్కన కూర్చుని రుద్దుతుంటారు మీరు. కిరోసిన్ అయితే సుమారు 38 డిగ్రీలు దాటితే గానీ అంటుకునేంత ఆవిరి రాదు.

సూర్యాపేట_స్వప్న
సార్, మే నెలలో మా ఇంట్లో ఫ్యాను కిందే 40 ఉంటుంది. మరి కిరోసిన్ కూడా అంతే కదా?

కెమిస్ట్రీ_సార్
అంతే. ఎండాకాలం కిరోసిన్ కూడా పొయ్యికి దూరంగా, తలుపులు తెరిచిపెట్టే వాడాలి. పొద్దున్నే చేసుకుంటే నయం.

అసలు కిరోసిన్ ఎందుకు వాడతారో చెప్తాను, అప్పుడు బదులు ఏం వాడాలో మీకే తెలుస్తుంది. జింక్ పౌడర్ అని మీరనేది జింక్ ఆక్సైడ్. అది నీళ్లలోనూ కరగదు, కిరోసిన్‌లోనూ కరగదు. కిరోసిన్ దాన్ని రంధ్రంలోంచి కిందికి మోసుకుపోయి, తను ఆవిరైపోతుంది. నీళ్లు పోస్తే కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, పట్టు మీద నీటి మరక నిలుస్తుంది. కాబట్టి కావలసింది కాగితాన్ని ఉబ్బించని, మరక పెట్టకుండా ఆరిపోయే ద్రవం. పెయింట్ షాపుల్లో మినరల్ టర్పెంటైన్ అని దొరుకుతుంది, గుణంలో కిరోసిన్‌కు దగ్గరి చుట్టం. నిప్పు జాగ్రత్తలు దానికీ అవే. పాత చెక్కసామాన్ల పాలిష్‌కు వాడే, చెట్టు జిగురు నుంచి తీసే టర్పెంటైన్ వేరు, అది తీసుకోకండి.

ఇంకో మాట. పెయింట్ షాపులో ఊరికే జింక్ పౌడర్ అని అడిగితే బూడిద రంగు లోహపు పొడి ఇచ్చే అవకాశం ఉంది. తెల్లది, జింక్ ఆక్సైడ్ అని స్పష్టంగా అడగండి. పొడి ముక్కులోకి పీల్చకుండా గుడ్డ కట్టుకోండి.

సూదీ_దారం
సార్ క్లాసు ఇట్లా చెప్పి ఉంటే నేను ఇంటర్‌లో పాసయ్యేదాన్ని.

గద్వాల_వదిన
ఏ ద్రవమూ లేకుండానే అయిపోతుంది కదా, ఎందుకింత తంటా? రంధ్రాల కాగితం మంజుల చెప్పినట్టే చేసుకో. పాత మల్లు గుడ్డలో పొడి మూట కట్టి, కాగితం మీద తట్టుకుంటూ పో. రుద్దొద్దు, తట్టాలి. కాగితం ఎత్తితే చుక్కలు కనపడతాయి. వాటిని వెంటనే తెల్ల పెన్సిల్‌తో కలుపుకో. చుక్కలు ఊదితే పోతాయి, పెన్సిల్ గీత నిలుస్తుంది. గద్వాల చీరల మీదికి బ్లౌజులన్నీ నేను ఇట్లాగే చేస్తా. ఆ చీరకు ఒంటికి నూలు, అంచుకు పట్టు. బ్లౌజు ముక్కలో కూడా రెండు రకాల బట్ట పక్కపక్కనే వస్తుంది. నూలు మీద ఆరిపోయే కిరోసిన్ పట్టు అంచు మీద జిడ్డులా మెరుస్తుంది. పొడి తట్టుడుకు ఆ తేడా లేదు.

పాలమూరు_పద్మ
ఇది సరైన మాట. నేనూ ఇదే చెప్పబోయాను.

మగ్గం_మంజుల
చెప్పబోయావు, చెప్పలేదు. 😄 వదినది మంచి పద్ధతే. కానీ నాలుగు బ్లౌజులు ఒక్క రోజులో దించాలంటే చుక్క చుక్కా కలుపుకుంటూ కూర్చుంటే నా పని సాగదు. ఇంట్లో ఒక్కటి కుట్టుకునేవాళ్లకు అదే మేలు, ఒప్పుకుంటా.

కొత్తగా_నేర్చుకుంటున్నా
రంధ్రాలు పొడవడానికి చేతులు పడిపోతున్నాయి అక్కలూ. తేలిక దారి ఏమన్నా ఉందా?

టైలర్_అన్న
మిషన్‌కు దారం తీసేయ్. పాత సూది బిగించు, కుట్టు కొంచెం పొడుగ్గా పెట్టు, కాగితాన్ని గీత వెంట నడిపించు. కాగితం కింద ఇంకో రెండు కాగితాలు పెడితే ఒకేసారి మూడు తయారు. కొత్త సూది మాత్రం పెట్టకు, కాగితం మీద మొద్దుబారిపోతుంది, తర్వాత బట్ట లాగేస్తుంది. నెమలి కళ్లు, కిరీటం లాంటివి మిషన్‌కు తిరగవు, అవి చేత్తోనే.

కొత్తగా_నేర్చుకుంటున్నా
మస్తు చెప్పారన్నా!

సూర్యాపేట_స్వప్న
ఆ ఇస్త్రీ పెన్ను సంగతి ఎవరూ చెప్పట్లేదు. నేను వాడుతున్నా. వెన్నలా గీస్తుంది, ఇస్త్రీ చూపిస్తే చాలు మాయం. పాపకు తెల్ల కాటన్ అన్నావు కదా, దానికి కళ్లు మూసుకుని తీసుకో.

పాలమూరు_పద్మ
కళ్లు తెరుచుకునే తీసుకో. ఆ గీత పోదు, దాక్కుంటుంది. నమ్మకపోతే ఇస్త్రీ చేసిన ముక్కను రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి చూడు.

సూర్యాపేట_స్వప్న
బట్టలు ఫ్రీజర్‌లో ఎవరు పెడతారు? మనదేమన్నా కాశ్మీరా?

కెమిస్ట్రీ_సార్
పద్మగారు చెప్పింది నిజం. పైలట్ కంపెనీ ఫ్రిక్షన్ పెన్నులతో ఈ రకం సిరా అందరికీ తెలిసింది. అవి కాగితం మీద రాసి చెరుపుకోవడానికి చేసినవి, బట్టకు కాదు. సిరాలో రంగు, ఆ రంగును బయటపెట్టే పదార్థం, వేడిని బట్టి ఆ రెండింటినీ కలిపి విడదీసే మూడో పదార్థం ఉంటాయి. 60 డిగ్రీల దగ్గర విడిపోయి రంగు పోతుంది. మైనస్ 10 డిగ్రీల నుంచి మళ్లీ కలవడం మొదలై, మైనస్ 20కి గీత పూర్తిగా తిరిగొస్తుంది. మన వాతావరణంలో తిరిగి రాదు, స్వప్నగారు చెప్పిందీ నిజమే. కానీ ముదురు రంగు బట్ట మీద రంగు పోయినా సిరా జాడ పాలిపోయిన గీతలా మిగలొచ్చు. కాబట్టి బాటిల్ గ్రీన్ మీద నేనైతే వాడమనను.

అమెరికా_అచ్చంపేట
మాది అచ్చంపేటే, ఇప్పుడు ఉండేది మిన్నెసోటాలో. ఇక్కడ జనవరిలో మైనస్ 20 మామూలు. మీరు ఆ పెన్నుతో కుట్టి పంపిన బ్లౌజు నేను కారులో పెట్టుకుంటే గీతలన్నీ లేచి కూర్చుంటాయన్నమాట. అమ్మకు చెప్పాలి.

సూదీ_దారం
అమ్మకు పెన్ను మార్చమని చెప్తావా, నువ్వు ఊరు మారుస్తావా?

జడ్చర్ల_జ్యోతి
ఆ పెన్నుతో నాకు ఉల్టా జరిగింది. దిండు గలీబు మీద డిజైన్ గీసుకుని, కారు ముందు అద్దం కింద పెట్టి, ఎండలో నిలిపి పెళ్లికి పోయాం. భోజనాలయ్యి వచ్చేసరికి బట్ట తెల్లగా ఉంది! ఇస్త్రీ పెట్టె అవసరం లేదు, మన ఎండ చాలు. ఇంటికొచ్చి ఫ్రీజర్‌లో ఐస్ ట్రే పక్కన పెడితే గీత మళ్లీ వచ్చింది, కొంచెం లేతగా. మా అత్తమ్మ ఫ్రిజ్ తెరిచి, కూరగాయలు బయట పెట్టి గలీబులు లోపల పెడతావా అన్నది.

సూర్యాపేట_స్వప్న
హహహ. సరే, కారులో పెట్టొద్దు అని రాసుకుంటున్నా.

నీలం_నాగర్‌కర్నూల్
తెల్ల కాటన్‌కు ఇంత టెన్షన్ ఎందుకు? కిటికీ అద్దానికి డిజైన్ కాగితం అంటించి, దాని మీద బట్ట అంటించి, పగటి వెలుగులో నీళ్లకు పోయే నీలి పెన్నుతో గీసుకుంటే చాలు. రంధ్రాలూ వద్దు, పొడీ వద్దు. రాత్రి అయితే గాజు టీపాయి కింద బల్బు. లంగా అంచుకు పిందెలన్నీ ఒకటే కాబట్టి ఒక్కటి అట్ట మీద కత్తిరించుకుని చుట్టూ గీసుకుంటూ పోవడమే.

నీళ్ల పెన్ను దగ్గర ఒక్కటే నియమం. గీత పోయేదాకా ఇస్త్రీ తగలొద్దు. వేడి తగిలితే ఆ నీలం బట్టకు పట్టుకుంటుంది. సబ్బు నీళ్లలోనూ ముంచొద్దు, కొన్నిసార్లు గోధుమ రంగు మరకలా తేలుతుంది. ముందు చల్లని మంచినీళ్లు, నిండా ముంచాలి. పైపైన తడిపితే నీలం పక్కకు జరిగి అంచు కడుతుంది. ఇంకో రకం ఊదా పెన్ను వస్తుంది, గాలికే పోతుంది. అది ఒకటి రెండు రోజులకే, వానాకాలం ఇంకా ముందే పోతుంది. నిదానంగా కుట్టేవాళ్లకు దండగ.

హాలియా_కోడలు
నేను నిదానమే. పిల్లను పడుకోబెట్టాక కుట్టాలి కదా. ఊదాది క్యాన్సిల్.

మగ్గం_మంజుల
తెల్ల బట్టకు మేము జింక్ బదులు నీలం పొడి వాడతాం, అదే కిరోసిన్‌లో. బట్టలకు పెట్టే పొడి నీలం. సీసాలో వచ్చే లిక్విడ్ నీలం పొయ్యకండి, అది బట్టలోకి దిగే రంగు. పొడి నీలం పైన కూర్చుంటుంది కాబట్టి ఉతికితే వదులుతుంది. లక్నో చికన్ పని వాళ్లు కూడా చెక్క అచ్చులతో నీలమే వేసుకుని, కుట్టు అయ్యాక ఉతికేస్తారు.

తండా_పిల్ల
మీ అందరి మాటలు చదువుతుంటే మా నాన్నమ్మ గుర్తొస్తోంది. మాది దేవరకొండ దగ్గర తండా. ఆమె కాంచళి (రవిక) మీద, పేటియా (లంగా) అంచు మీద కుట్టేటప్పుడు ఒక్క గీత గీయగా నేను చూడలేదు. ముతక బట్ట, దారాలు లెక్కపెట్టుకుంటూ పోవడమే. ఇన్ని వదిలి ఇన్ని ఎత్తు, ఇక్కడ అద్దం, అద్దం చుట్టూ ఇట్లా. మధ్యలో మాట్లాడిస్తే కసిరేది, లెక్క పోతుందని. కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇన్ని పెన్నులు, పొడులు లేకుండా అంత అందంగా ఎట్లా వచ్చేది?

పాలమూరు_పద్మ
ఆ పని వేరు కదమ్మా. చతురస్రాలు, మూలలు, గళ్లు అన్నీ దారాల లెక్కకు లొంగుతాయి. నెమలి మెడ వంపు లొంగుతుందా? రా సిల్క్‌లో దారాలు లెక్కపెడితే ఆ అమ్మాయికి అద్దాలొస్తాయి, బ్లౌజుకు కాదు, కళ్లకు.

తండా_పిల్ల
నెమలి కూడా కుట్టేవాళ్లున్నారు, గళ్ల నెమలిలా ఉంటుంది. కానీ మీరు చెప్పింది సరే, పట్టు మీద కాదు. నేను అన్నది ఆ లంగా అంచు గురించి. మామిడి పిందెలే ఎందుకు? లెక్క కుట్టుతో అంచు వేస్తే దించే పనే ఉండదు. నేను నేర్పిస్తా, అడిగితే.

హాలియా_కోడలు
తప్పకుండా అడుగుతా. పాపకు అద్దాలంటే పిచ్చి.

పుట్టపాక_నేత
మాది చిటికి పని, అంటే ఇక్కత్ నేత. మీరు నేసిన బట్ట మీద డిజైన్ దించుతారు, మేము నేయకముందే నూలు మీద దించాలి. ముందు గళ్ల కాగితం మీద వేసుకుంటాం. తర్వాత నూలును ఆసు అనే చట్రం మీద చాపి, ఎక్కడ రంగు తగలొద్దో అక్కడ బొగ్గుతోనో సిరాతోనో గుర్తు పెట్టి, రబ్బరు పట్టీలతో గట్టిగా కడతాం. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకోచోట కట్టి, మళ్లీ ముంచుతాం. గుర్తు వెంట్రుకంత జరిగినా నేత మగ్గం మీద పువ్వు చెదురుతుంది. తేలియా రుమాలు అయితే నూలుకు నూనె, బూడిద నీళ్లు పట్టించే పని ఇంకా ముందు ఉంటుంది.

అందుకే ఒకటి చెప్పాలనిపించింది. బట్ట సాగుతుంది. మీలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. డిజైన్ దించేటప్పుడు బట్ట నిలువు, అడ్డం సరిగ్గా ఉందా లేదా చూసుకోవాలి. ఐమూలగా లాగిపెట్టి దించితే, వదిలాక నెమలి వంగిపోతుంది.

సూర్యాపేట_స్వప్న
ఇది ఆలోచించలేదు. మరి బట్టను ఫ్రేముకు బిగించాక దించాలా, ముందా?

మగ్గం_మంజుల
నేను ముందే దించుతా. బల్ల మీద బట్ట వదులుగా, సమంగా పరిచి. తర్వాత బిగిస్తే అన్ని వైపులా సమంగా సాగుతుంది, విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చుంటుంది.

నీలం_నాగర్‌కర్నూల్
నేను చూసిన చోట మగ్గానికి బిగించాకే రుద్దుతారు. బిగుతుగా ఉంటే కాగితం జరగదంటారు.

మగ్గం_మంజుల
బిగించాక కింద ఖాళీ కదా, రుద్దితే బట్ట కిందికి పోతుంది. కింద అట్ట పెట్టాలి. చేసేవాళ్లున్నారు, కాదనను. రింగు వాడేవాళ్లు మాత్రం కచ్చితంగా ముందే దించాలి. రింగు జరిగిన ప్రతిసారీ సాగుడు మారుతుంది.

టైలర్_అన్న
బట్ట సాగుడు కన్నా పెద్ద గొడవ ఇంకోటి ఉంది. నా దగ్గరికి వచ్చే బ్లౌజుల్లో చాలా వాటికి పని బ్రహ్మాండం, కొలత సున్నా. నెమలి తల కుట్టులోకి పోతుంది. మెడ డిజైన్ భుజం అతుకు దగ్గర సగం తెగిపోతుంది. తర్వాత నన్నంటారు, అన్నా నువ్వు తల కోసేశావని.

డిజైన్ దించకముందే కొలత బ్లౌజుతో టైలర్ దగ్గరికి పొండి. ముక్కను కోయించొద్దు. మెడ, చంక, భుజం, చేతి పొడవు గీతలు వేయించుకుని, ఆ గీతల మీద వేరే రంగు దారంతో పొడుగు కుట్లు వేసుకోండి. సుద్ద గీత నాలుగు రోజులకే పోతుంది, దారం పోదు. కుట్టు గీతకు అర అంగుళం లోపలే పని ఆపేయాలి. జర్దోసి, పూసలు అయితే ఇంకా ఎక్కువ వదలాలి, లేకపోతే మిషన్ పాదం ఎక్కదు, పూస మీద పడితే సూది విరుగుతుంది.

చేతుల సంగతి. ఒకే కాగితంతో రెండు చేతులకూ అట్లాగే దించితే రెండు నెమళ్లూ ఒకే వైపు చూస్తాయి. వేసుకుంటే ఒకటి ముందుకు, ఒకటి వీపుకు. రెండో చేతికి కాగితం తిప్పి వేయాలి. రంధ్రాల కాగితంతో ఉన్న సుఖమే అది, తిప్పితే చాలు.

జడ్చర్ల_జ్యోతి
మా ఊళ్లో ఒకామె బ్లౌజు ఇట్లాగే ఉండేది. ఒక నెమలి పెళ్లికొడుకును చూస్తోంది, ఇంకోటి భోజనాల వైపు.

గద్వాల_వదిన
మెడకు కూడా అంతే. పూర్తి మెడ గీయొద్దు. కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, ఒక వైపే గీసి, మడత విప్పకుండానే రెండు పొరలూ కలిపి పొడు. విప్పితే రెండు నెమళ్లూ అచ్చం ఒకేలా ఎదురెదురుగా వస్తాయి. చేత్తో రెండోది గీస్తే ఒకటి కచ్చితంగా బక్కగా వస్తుంది.

హాలియా_కోడలు
నా ప్రింటు ఏ4 సైజులో ఉంది. మెడకు చిన్నదైపోతోంది. ఎట్లా పెంచాలి?

టైలర్_అన్న
జిరాక్స్ షాపులో ఏ3 చెయ్యమను. 141 శాతం అని నొక్కుతారు, నిండా వస్తుంది. అది కూడా చాలకపోతే నెమలిని, తోకను వేరువేరుగా పెంచి అతికించుకో. తోక సాగదీసినా ఎవరికీ తెలియదు, తల సాగదీస్తే కొంగ అయిపోతుంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా
వెల్వెట్ మీద ఏదీ పడట్లేదు. కార్బన్, పెన్సిల్, పెన్ను, ఏవీ. మా చెల్లి వెల్వెట్ బ్లౌజే కావాలంటుంది.

పాలమూరు_పద్మ
వెల్వెట్‌కు కాగితమే కుట్టెయ్యాలి. పలచటి కాగితం మీద డిజైన్ గీసి, బట్ట మీద పెట్టి, గీత వెంట దారంతో పెద్ద పెద్ద పరుగు కుట్లు వెయ్యి. తర్వాత కాగితాన్ని సూదితో గీకి మెల్లగా చింపి తీసెయ్. దారపు గీత మిగులుతుంది. దాని మీద పని అయ్యాక ఆ దారం లాగెయ్, లేదా లోపలే ఉండనీ. కాగితం మీద బాల్ పెన్నుతో మాత్రం గీయకు, సిరా దారానికి అంటుకుని తెల్ల పూసలు నీలం అవుతాయి. పెన్సిల్ కూడా తేలిగ్గా.

నీళ్లలో కరిగే షీట్లు కూడా వస్తున్నాయి, డిజైన్ దాని మీదే ప్రింటు వేసి, అంటించి, కుట్టి, కడిగేయడమే. కాటన్‌కు బంగారం. పట్టుకు, వెల్వెట్‌కు వద్దు, నీళ్లు పోయాలి కదా.

హాలియా_కోడలు
పద్మక్కా, ఆ పరుగు కుట్టు నా రా సిల్క్‌కు కూడా పనికొస్తుంది కదా? వదిన చెప్పినట్టు పొడి తట్టి, పెన్సిల్‌తో కలిపి, అదే పూట ఆకుపచ్చ ఒంటి దారంతో డిజైనంతా పరుగు కుట్టు వేసేస్తే, ఇక గీత పోయినా నాకేం భయం?

పాలమూరు_పద్మ
అదే చెయ్యి. ఒంటి పోగు, బట్ట రంగే. కాడకుట్టు దాన్ని మింగేస్తుంది, బయటికి కనపడదు.

మగ్గం_మంజుల
మంచి ఆలోచన. ముందు ముక్క చివర, కోత పారేసే వైపు ఒక ఆకు దించి, దులిపి, ఇస్త్రీ పెట్టి చూసుకో. ఇస్త్రీ తెల్లపొడి మీద నేరుగా పెట్టకు, ముందు దులుపు.

బుల్లెట్_బాబు
అయితే నా పెట్రోల్ ఇక ఎవరికీ అక్కర్లేదన్నమాట.

కెమిస్ట్రీ_సార్
బండికి అక్కరొస్తుంది.

కొత్తగా_నేర్చుకుంటున్నా
ఒకసారి వాడిన రంధ్రాల కాగితం మళ్లీ వాడొచ్చా? నాది రెండోసారి రుద్దితే సగం గీతలే పడ్డాయి.

మగ్గం_మంజుల
ఏళ్ల తరబడి వాడొచ్చు. వాడిన వెంటనే పొడి గుడ్డతో రెండు వైపులా తుడవాలి. ద్రవంతో రుద్దినదైతే అదే ద్రవం అద్దిన గుడ్డతో. పొడి రంధ్రాల్లో ఎండితే మూసుకుపోతుంది, నీకు జరిగింది అదే. వెలుగుకు పట్టి చూసి మూసుకున్న చోట మళ్లీ సూది దించు. దాచేటప్పుడు మడవొద్దు, చుట్టి పెట్టు. మడత దగ్గర రంధ్రాలు కలిసి చిరుగుతాయి. కాగితం మీద మెడ, చెయ్యి, కుడి, ఎడమ, సైజు అన్నీ రాసి పెట్టుకో. ఆరు నెలల తర్వాత ఏది ఏదో నీకే తెలియదు.

గద్వాల_వదిన
నా దగ్గర హంస, ఏనుగు, మామిడి పిందె ఉన్నాయి. నెమలి లేదు. హాలియా అమ్మాయి, నీది అయ్యాక ఆ కాగితం కింద ఇంకో కాగితం పెట్టి పొడిచి నాకు పంపు, ఏనుగు ఇస్తా.

హాలియా_కోడలు
తప్పకుండా వదినా. మిషన్ మీద మూడు పెట్టి పొడుస్తా, అన్న చెప్పినట్టు. ఏనుగు ఎంత సైజు?

గద్వాల_వదిన
తొండం నుంచి తోక దాకా నాలుగు అంగుళాలు. చేతి అంచుకు వరసగా మూడు పడతాయి.

సూదీ_దారం
నాకు హంస కావాలి. నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేవు, ఆ గండభేరుండం ఒక్కటే ఉంది.